మేకులమ్మ

ఏడున్నరకల్లా నేలమాళిగలో రంపం చప్పుడు మొదలైంది. మేకులమ్మ ఎడమ మోకాలితో చెక్కపట్టీని బల్లకు అదిమిపట్టి, చివర ఏటవాలుగా కోస్తోంది. పెదవుల మధ్య నాలుగు సన్నమేకులు. అవి అయిపోతే మరో నాలుగు పెట్టుకుంటుంది తప్ప పని జరుగుతున్నంతసేపూ నోరు ఖాళీగా ఉంచదు. ఎవరు పలకరించినా ఆ మేకుల సందుల్లోంచే జవాబు. పేరు అలా వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని ఆమే వెనక్కి తిరిగి చూస్తుంది.

మనిషి పొట్టి. అరవై రెండేళ్ళు. కుడి భుజం ఎడమదానికంటే ఓ వేలెడు కిందికి దిగి ఉంటుంది, ఇరవై ఆరేళ్ళుగా రంపం లాగిన గుర్తు. బొటనవేలి గోరు సుత్తి దెబ్బకు నల్లబడి, ఊడి, మళ్ళీ మొలిచి, ఇప్పుడు గవ్వలా వంకర తిరిగింది. అద్దం కోసేటప్పుడు తెగిన గాట్లు అరచేతిలో గీతలతో కలిసిపోయాయి. ఒకసారి సరదాకి చెయ్యి చూస్తానన్నవాడు "ఇందులో మీ గీతలేవో అద్దం గీతలేవో తెలియట్లేదు తల్లీ" అని చేతులెత్తేశాడు.

ఆ మేడ సంఘానిది. చుట్టుపక్కల కుట్టు మిల్లులో పనిచేసేవాళ్ళ పిల్లల కోసం నలుగురు మంచివాళ్ళు ఎప్పుడో పెట్టిన సంఘం. పైన డ్రాయింగు క్లాసు, మధ్య అంతస్తులో చదువుకునే గది, కింద పెద్ద హాలు, ఆ హాలు కింద నేలమాళిగలో మేకులమ్మ. దీపాలకీ, పుస్తకాలకీ, రంగులకీ ఎక్కువగా విరాళమిచ్చేది ఆ మిల్లు యజమానే. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. మిల్లు గుర్తు, చక్రంలోంచి దూరిన సూది, సంఘం గేటు మీద కూడా ఉంటుంది.

ఫ్రేములు కట్టే పని నిజానికి ఆమె భర్తది. ఆమె హాలు ఊడ్చేది. ఆయన ఓ చలికాలంలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాక, అప్పటి కార్యదర్శి వేరే పనివాణ్ణి వెతకబోయాడు. మేకులమ్మ చీపురు పక్కనపెట్టి, "వారం రోజులు నాకివ్వండి. నా ఫ్రేము మూలలో కాగితం దూరితే మీరు చెప్పినట్టే వింటాను" అంది. వారం తర్వాత ఆయన పోస్టుకార్డు పట్టుకొచ్చి నాలుగు మూలల్లోనూ దూర్చి చూశాడు. దూరలేదు. ఆ ఏడే పై గదిలో పెద్దల క్లాసులో చేరి, ముప్పై ఆరేళ్ళ వయసులో అక్షరాలు దిద్దింది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు నవ్వితే, "నవ్వండి, నవ్వండి. పరీక్షలో నా పలక వైపు చూస్తే మాత్రం చెయ్యి విరుగుద్ది" అనేది. మొదటిసారి తడి చెక్క పంపిన లారీని, దాని చీటీ తనే చదివి, దించకుండానే వెనక్కి పంపించింది. ఆ రోజు రాత్రి భోజనం ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ చెబుతుంది.

ఇవాళ సాయంత్రం అయిదింటికి పిల్లల బొమ్మల ప్రదర్శన. అరవై నాలుగు బొమ్మలు. ఆఖరి ఫ్రేముకి అద్దం తుడుస్తుండగా కార్యదర్శి మెట్లు దిగివచ్చాడు. యాభై ఏళ్ళ సన్నటి మనిషి. చెడ్డవాడు కాడు. ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పడానికి బయల్దేరినట్టు నడుస్తాడు.

"మేకులమ్మా, ఒక్క బొమ్మ పక్కన పెట్టెయ్యాలండీ."

"ఏది?"

ఆయన గోడకు ఆనించిన వాటిలోంచి ఒకటి చూపించాడు. పదకొండేళ్ళ పిల్ల వేసింది. కుట్టు మిషను మీద చెంప ఆనించి నిద్రపోతున్న ఒక ఆడమనిషి. నోరు కొంచెం తెరుచుకుంది. ఒక చేయి కిందికి వేలాడుతోంది. చుట్టూ నీలం కాలర్లు గుట్టలు గుట్టలుగా. వెనక గోడ మీద గడియారం, దాని కింద చక్రమూ సూదీ.

"పెద్దాయన స్వయంగా వస్తున్నారు. ఆయన మిల్లులో పనివాళ్ళు నిద్రపోతున్నట్టు ఆయన డబ్బుతోనే బొమ్మేసి ఆయనకే చూపిస్తే ఎలా ఉంటుంది చెప్పండి? ఆయనకి కోపమొస్తే పోయేది ఒక బొమ్మ కాదు. పైన క్లాసులే పోతాయి."

మేకులమ్మ నోట్లోంచి మేకులు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె మేకులు తీసిందంటే పెద్ద మాటేదో ఉందని ఆ మేడలో అందరికీ తెలుసు. కార్యదర్శి ఒక మెట్టు వెనక్కి ఎక్కాడు.

"చదువుకోండి, బొమ్మలేసుకోండి అనే కదండీ ఆయన ఇచ్చింది? పిల్ల వేసింది. చూసిందే వేసింది. ఇప్పుడు చూడొద్దని చెబుదామా?"

"అలా కాదు..."

"కళ్ళు మూసుకున్నది బొమ్మలో మనిషి. మనకేం వచ్చింది మూసుకోడానికి?"

ఆయన చెమట తుడుచుకున్నాడు. "మీతో వాదించలేను. అది ఇక్కడే ఉండనివ్వండి. అంతే."

"నేను దీన్ని గోడకి పెడతానండీ. ముందే చెబుతున్నాను, తర్వాత చెప్పలేదనకండి" అంది మేకులమ్మ. ఆయన విన్నాడో, వినకూడదనుకున్నాడో, అప్పటికే పై మెట్టు మీద ఉన్నాడు.

ఆయన వెళ్ళాక ఆమె ఆ బొమ్మని కిటికీ వెలుగులోకి తిప్పి చాలాసేపు చూసింది. తనకి పోయేదేముంది? తన జీతం మీద ఆధారపడ్డవాళ్ళెవరూ లేరు, తను తప్ప. కానీ ఆ నిద్రపోతున్నది పిల్ల తల్లి, సోమవారం మళ్ళీ మిల్లుకి వెళ్ళాల్సిన మనిషి. ఆమె మాటేమిటి? ఆమెని ఎవరూ అడగలేదు. తను కూడా ఇప్పటిదాకా అడగలేదని గుర్తొచ్చి మేకులమ్మకి తనమీదే చిరాకేసింది.

ఒంటిగంటకి చేతికున్న రంపపు పొట్టు దులుపుకుని మిల్లు గేటు దగ్గరికి నడిచింది. భోజనం వేళ. ఆ పిల్ల తల్లి గేటు లోపల గోడనీడలో గొంతుక్కూర్చుని గబగబా తింటోంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. జుట్టు నిండా నీలం పోగులు. మేకులమ్మ కమ్మీల ఇవతల కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. బొమ్మ ఏమిటో, దాన్ని ఎందుకు వద్దంటున్నారో, పెడితే ఏం జరగొచ్చో. ఏదీ తగ్గించలేదు.

ఆ తల్లి నమలడం ఆపేసింది. "నేను నిద్రపోతున్నట్టు వేసిందా? నోరు తెరుచుకుని ఉందా?"

"కొంచెం."

"ఛీ, దీని బొమ్మ తగలెయ్య" అని నవ్వేసింది. వెంటనే నవ్వు ఆపేసి, "గడియారం వేసిందా అక్కా?" అంది.

"వేసింది."

"ఎంత చూపిస్తోంది?"

మేకులమ్మ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. "ఒంటిగంటా పది."

"అదీ! అది మా భోజనం గంటే. ఆ రోజు నాకు ఒళ్ళు బాగాలేక తినకుండా పడుకున్నాను. అది టిఫిను డబ్బా తెచ్చి, నన్ను లేపకుండా నిలబడి చూసి వెళ్ళిపోయింది. దొంగనిద్ర కాదది. నా అరగంట. నా సొంతం." ఆమె డబ్బా మూత బిగించింది. "పదేళ్ళ నుంచి కుడుతున్నాను. నా మొహం ఎలా ఉంటుందో ఆ లోపల ఒక్కరికీ తెలియదు. పెట్టక్కా. పనిలోంచి తీస్తే తీస్తారు, చేతులు తీసుకోరు కదా."

మేకులమ్మ తిరిగి వచ్చేసరికి కార్యదర్శి పెద్దాయన్ని తీసుకురావడానికి వెళ్ళాడు. హాల్లో డ్రాయింగు టీచరు ఒక్కర్తే బొమ్మల కింద పేర్ల చీటీలు అతికిస్తోంది. మేకులమ్మ అటు చూడకుండా ఎదురుగోడ మధ్యలో, గుమ్మంలోంచి లోపలికి రాగానే కనబడే చోట, కొలిచి నాలుగు గుర్తులు పెట్టింది. డ్రిల్లుతో నాలుగు బెజ్జాలు తొలిచి, వాటిలో చెక్క బిరడాలు దిగ్గొట్టింది. మిగతా అరవై మూడు బొమ్మలూ మామూలుగా తీగకి వేలాడుతున్నాయి.

"అది వద్దన్నారు కదండీ" అంది టీచరు మెల్లిగా. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

"వద్దన్నది నాతో. నీతో కాదు. నువ్వేమీ చూడలేదు, పైకి వెళ్ళు."

టీచరు మెట్ల దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి ఫ్రేము రెండో కొస పట్టుకుంది. మేకులమ్మ నాలుగు అంగుళాల స్క్రూలు నాలుగు, ఫ్రేము చెక్కలోంచి గోడలోకి బిగించింది. భుజం బరువంతా వేసి, ఇక తిరగదన్న దాకా తిప్పింది. తలలు చెక్కలోకి దిగిపోయాక వాటి మీద లప్పం పెట్టి, వేలితో నున్నగా రాసి, ఫ్రేము రంగే పూసింది. చూస్తే స్క్రూలున్నట్టే తెలియదు.

అయిదింటికి హాలు నిండిపోయింది. పిల్లలు, తల్లులు, దువ్వుకున్న తలలు, కొత్త రంగుల వాసన. పెద్దాయన గుమ్మంలోంచి రెండడుగులు వేసి ఆగిపోయాడు. డెబ్బై ఏళ్ళ భారీ మనిషి. చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి ఎదురుగోడ వైపే చూశాడు. ఆయన ఆగాడని అందరూ ఆగారు.

"ఇది నా మిల్లు కదూ?"

కార్యదర్శి గబగబా ముందుకొచ్చాడు. "పొరపాటున... చిన్నపిల్లండీ, ఏదో ఊహించి..."

"ఊహ కాదండీ" అంది మేకులమ్మ వెనక నుంచి. జనం పక్కకి జరిగారు. బొమ్మ వేసిన పిల్ల టీచరు చీర కొంగు పట్టుకుని నిలబడింది.

"పని వేళలో నిద్రపోతున్నారా నా దగ్గర?" అన్నాడు పెద్దాయన, ఎవరినని లేకుండా.

"గడియారం చూడండయ్యా. పిల్ల కష్టపడి ముళ్ళు కూడా వేసింది. అది భోజనం వేళ. అరగంట. అది కూడా మీదేనంటే చెప్పండి."

పెద్దాయన కళ్ళజోడు పైకి జరిపి గడియారం చూశాడు. తర్వాత కిందికి వేలాడుతున్న చేతిని చూశాడు. ఎంతోసేపు. "తీసేయండి" అన్నాడు చివరికి, కార్యదర్శి వైపు తిరిగి, గొంతు పెంచకుండానే.

కార్యదర్శి ఒక్క ఉదుటున వెళ్ళి ఫ్రేము పట్టుకుని ఎత్తబోయాడు. కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు. ఎక్కడో ఒక పిల్ల కిసుక్కుమంది. ఆ నవ్వు ఇంకో పిల్లకి అంటుకుంది. అలా హాలంతా పాకింది. తల్లులు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఫ్రేము మాత్రం, ఎవరింట్లోనో అద్దెకి దిగి ఖాళీ చెయ్యనన్నవాడిలా అలాగే ఉంది.

"వదిలేయండి. గోడ పాడవుతుంది" అన్నాడు పెద్దాయన. మిగతా బొమ్మలన్నీ వరుసగా చూశాడు, ఒక్కటీ వదలకుండా. టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

కారు చప్పుడు దూరమయ్యాక కార్యదర్శి నేలమాళిగ మెట్ల దగ్గర ఆమెని ఆపాడు. "రేపటి నుంచి రానవసరం లేదు మేకులమ్మా."

"రేపు ఎలాగూ ఆదివారం."

"ఎల్లుండి కూడా."

"సరేనండీ" అంది. "ఒకటి మాత్రం వినండి. నేను చేసింది సంఘానికి ద్రోహం కాదు. ఈ మేడలో నాకు అక్షరాలు నేర్పారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చదవడానికే కదా అవి. ఆ బొమ్మనీ అలాగే చదివాను. అంతే."

ఆయన తలొంచుకుని, చేతికంటిన రంగు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

కిందికి దిగి ఆమె తన సామాను సర్దుకుంది. రంపం తనది. సుత్తి భర్తది. స్క్రూడ్రైవరు కూడా తనదే. అది సంచిలో వేసుకుంటూ, "ఇంకొకటి కొనుక్కుంటే కొనుక్కోనీ, ముందు ఆ స్క్రూలు కనబడాలిగా" అనుకుని నవ్వుకుంది. సంచి కట్టింది. ఇరవై ఆరేళ్ళు. ఏడుపు రాలేదు. బల్ల మీద మిగిలిన మేకులు ఏరి డబ్బాలో వేసింది.

ఆరున్నరకి జనం పల్చబడ్డారు. ఆ పిల్ల తల్లి మిల్లు నుంచి నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడింది. పొద్దున్నుంచీ మిషను తొక్కిన కాళ్ళు వాచి ఉన్నాయి. లోపలికి రావడానికి మొహమాటపడుతోంది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బొమ్మ ముందు నిలబెట్టింది. తల్లి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ చూస్తోంది.

మేకులమ్మ సంచి దించి, మళ్ళీ నేలమాళిగలోకి వెళ్ళి తను కూర్చునే స్టూలు పట్టుకొచ్చింది. హాలు నున్నటి నేల మీద అది కుంటింది. ఫ్రేముల వెనక పెట్టే అట్టలోంచి ఒక ముక్క మడిచి, వంగి, పొట్టికాలి కింద దూర్చింది.

"కూర్చో."

"పర్లేదక్కా..."

"కూర్చుని చూడవే. నీ బొమ్మే కదా."

ఆమె కూర్చుంది. పిల్ల ఆమె భుజం మీద గడ్డం ఆనించింది. కొంతసేపటికి తల్లి వెనక్కి తిరిగి చూసేసరికి మేకులమ్మ లేదు, సంచి లేదు. గేటు మాత్రం ఇంకా కొద్దిగా ఊగుతోంది.

ప్రదర్శన తొమ్మిది రోజులు నడిచింది. ఆ తల్లిని మిల్లులో ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి గడియారం అడ్డొచ్చింది. రోజూ షిఫ్టు దిగాక ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు వచ్చి, వంతులవారీగా కూర్చుని చూసి వెళ్ళేవారు. కార్యదర్శి ఒకసారి స్టూలు తీసి నేలమాళిగలో పెట్టబోయి, చెయ్యి చాచి, ఊరుకున్నాడు. హాలు ఊడ్చే మనిషి దాని చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది. నాలుగు కాళ్ళ స్టూలు, జిగురు చుక్కలతో గరుకెక్కిన పై చెక్క, పొట్టికాలి కింద నలిగి పల్చబడ్డ అట్టముక్క.