కోటేష్ జంట

ఆదివారం మగవాళ్లకు సెలవు. సిమెంటు మెట్లకు సెలవు లేదు. ముందురోజు పోసిన కాంక్రీటు ఎండకు పగలకుండా గోనెపట్టాలు పరిచి, పొద్దుగూకేదాకా తడుపుతూనే ఉండాలి. అది రేకుల షెడ్లలో ఉండే ఆడవాళ్ల వంతు. దానికి కూలి లేదు, అసలది పనే కాదంది కంపెనీ. "ఇంటి ముందర నీళ్లు చల్లుకుంటలేరా? గిది గూడ పనేనా?" అని సక్రిని చూసి ఆమె అత్త కూడా నవ్వింది.

ఖమ్మంలో స్టేడియం కడుతున్న ఆ కంపెనీ హైదరాబాద్‌లోనూ పెద్ద స్టేడియాలు కట్టిందట. ములకలపల్లి అవతలి తండాల నుంచి ఆలుమగలను జంటగానే పనిలోకి తీసుకునేది. పొద్దున్నే సూపర్‌వైజర్ మురళీకృష్ణ "కోటేష్ జంట!" అని కేకేస్తే, సక్రి మొగుడు "ఉన్నం సార్" అనేవాడు. తట్ట నెత్తినెత్తుకుని వెనకాల నిలబడ్డ సక్రి పేరు ఏడాదిగా అక్కడ ఎవరూ పిలవలేదు.

ఆ ఆదివారం వంతు పక్క షెడ్డు హేమ్లిది. నిండు చూలాలు. కాళ్లు వాచి, పైపు పట్టుకుని మెట్లెక్కలేక రొప్పుతుంటే సక్రే చేతిలోంచి లాక్కుంది. "పో, పండుకో. నేను పోస్త." శ్రావణమే అయినా వాన జాడ లేదు. ఎండ పెళపెళలాడుతోంది. ఒక వరస తడిపిందో లేదో, కింద పెళ్లికాని ఆడపిల్లలు లంబాడీల తీజ్ పండగ బుట్టల చుట్టూ చేరి పిలిచారు. "వదినా, పాటెత్తు! నువ్వు లేకుంటె మాకు పల్లవే దొరుకుతలేదు."

ఒక్క పాటే అనుకుంది. పుట్టమన్నులో మొలిచిన గోధుమ నారు మీద నీళ్లు చిలకరిస్తూ పాడుతుంటే, పెళ్లికి ముందు తండాలో తనూ అలాగే బుట్ట పట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. పాట మీద పాట. పొద్దు వాలాక పైకెక్కితే గోనెలు అప్పడాల్లా ఎండి ఉన్నాయి. గబగబా పైపు పెట్టింది. నారుకు పోసిన చేత్తోనే మెట్లను ఎండబెట్టానే అనుకుంది.

తెల్లారి గోనె ఎత్తితే మెట్ల నిండా వెంట్రుకల్లాంటి పగుళ్లు.

"నిన్న వంతెవరిది?" మురళీకృష్ణ అరిచాడు. ఎవరో హేమ్లి పేరు చెప్పారు. "రేపటికల్లా షెడ్డు ఖాళీ చెయ్యండి, మొగుడూ పెళ్లాం ఇద్దరూ." హేమ్లి ఒక్కసారి సక్రి వైపు చూసి తల దించుకుంది. షెడ్డు వైపు నడిచింది. సక్రి పేరు చెప్పేసినా బాగుండేది.

మధ్యాహ్నం సక్రి జరిగింది కోటేష్‌కు చెప్పింది. అతను అన్నం ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. "నోరు మూసుకోని ఉండు. నువ్వు చెప్పినవనుకో, మన జంటనే ఎల్లగొడ్తరు. నీ పాటలకు నా పని పోవాల్నా?"

సక్రి నోరు మూసుకుంది. తట్ట మోసింది, అంట్లు తోమింది. పక్క షెడ్డులో హేమ్లి బొంతలు మూట కడుతోంది. పుట్టబోయే బిడ్డ కోసం పాత చీరలతో సక్రి కుట్టిచ్చిన బొంత కూడా ఆ మూటలోకి పోతుంటే చూడలేకపోయింది. చేతులన్నా కడుక్కోకుండా ఆఫీసు గదికి నడిచింది.

"సార్, మెట్లు ఎండబెట్టింది నేను. హేమ్లిని నేనే పండుకోమన్న. తప్పు నాది."

"నువ్వెవరి జంటమ్మాయ్?"

"జంట గాదు సార్. నేను సక్రిని."

మురళీకృష్ణ తలెత్తాడు. "అయితే నిన్నే పంపించాలి. పని చెడగొట్టి..."

"పనా సార్?" అడిగాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నీళ్లు పోసుడు పని గాదన్నరు గద. పగిలినంక పనైందా?"

అతను తలుపులోంచి చూశాడు. బయట ఆడవాళ్లు గుమిగూడారు. పైపు ఎవరి చేతిలోనూ లేదు; మెట్ల మీద గోనెలు ఎండిపోతున్నాయి. "సరే పో, ఎవరూ పోనక్కర్లేదు. ముందు నీళ్లు పెట్టండి" అన్నాడు చివరికి. హేమ్లి మూట విప్పింది. కోటేష్ మాత్రం ఆ రాత్రి అన్నం తనే వడ్డించుకుని, అటు తిరిగి తిన్నాడు.

మెట్లు పగిలింది తన తప్పువల్లేనని సక్రి మరిచిపోలేదు. అయినా మర్నాడు పొద్దున "కోటేష్ జంట!" అన్న కేక వినిపించినప్పుడు, కోటేష్ "ఉన్నం సార్" అన్నాక కూడా ఆమె తట్ట ఎత్తుకోలేదు. వరస ఆగింది. కోటేష్ మోచేత్తో పొడిచాడు.

"ఆయన ఉన్నడు సార్" అంది సక్రి. "నన్నింకా పిలువలే."