కిరసనాయిలు బేసిను

"మాయావిడండి. సామాన్లు కడుగుతాది."

కార్లు బాగుచేసే ఆ షెడ్డుకి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా సింహాద్రి చిలకమ్మ గురించి చెప్పే మాట అదొక్కటే. ఆ మాట చెప్పే సమయానికి ఆమె నిజంగానే కడుగుతూ ఉండేది. ముందు అల్యూమినియం బేసిను, అందులో కిరసనాయిలు, కిరసనాయిల్లో గేరు చక్రాలు, చేతిలో అరిగిపోయిన పళ్ళ బ్రష్షు. చక్రానికున్న పళ్ళు ఒక్కొక్కటీ తోమి, తుడిచి, గోనెసంచి మీద పేర్చేది. వచ్చినవాళ్ళు ఒకసారి చూసి మళ్ళీ సింహాద్రి వైపు తిరిగేవాళ్ళు.

పెళ్ళయి నర్సీపట్నం వచ్చి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఆ కడగడం అనే మాట కింద ఎన్ని పనులు చేరాయో చిలకమ్మ ఒక్కోసారి తలుచుకునేది. మొదటి ఏడాది మడ్డి వదలగొట్టడమే. రెండో ఏడాదికి, ఏ వరసలో విప్పారో ఆ వరసలో పేర్చడం. ఆ తర్వాత, అరిగినదీ అరగనిదీ వేరుచేసి పెట్టడం. అది ఆమెకి ఎవరూ నేర్పలేదు. పుట్టింది రాజయ్యపేట సముద్రపు ఒడ్డున. తల్లి కొండలమ్మ చేపల గంప దించగానే, ఏడేళ్ళ చిలకమ్మ మొప్ప కింద వేలు పెట్టి ఏది ఇవాళ్టిదో ఏది నిన్నటిదో చెప్పేసేది. ఆ వేలే ఇప్పుడు గేరు పంటి అంచు మీద తిరుగుతుంది. చూపుకి ఆనని అరుగుదల వేలికి ఆనుతుంది. "ఇది పనికిరాదు" అని ఆమె పక్కన పెడితే సింహాద్రి మాట్లాడకుండా దాని బదులు వేరేది తెచ్చేవాడు. నీకెలా తెలిసింది అని మాత్రం ఏనాడూ అడగలేదు. ఇంటికెళ్తే అత్త వరలక్ష్మమ్మ ముక్కు చిట్లించేది. "నీసు కంపు పోయి కిరసనాయిలు కంపు పట్టుకుందే నీ సేతికి. కూరలో సెయ్యెట్టకు." అనేసి, వంట మాత్రం ఆమె చేతే చేయించేది. వరలక్ష్మమ్మ పుట్టింది కూడా ఆ ఒడ్డునే.

తొంభై ఎనిమిది వానాకాలంలో జాకీ జారి సింహాద్రి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు విప్పకూడదన్నారు. మూడో రోజున కన్నారావు తన అంబాసిడర్ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. స్టీరింగు పక్కనే గేరు రాడ్డు ఉండే పాత బండి అది. చింతపల్లి ఘాటీ దారిన ఏజెన్సీ కొండల్లోకి మనుషుల్ని తిప్పుతాడు.

"మూడో గేరు ఏడుస్తంది మేస్త్రీ," అన్నాడు. "ఘాటీలో పాసింజర్లందరూ నాకేసి సూస్తన్నారు, ఏడిసేది నానే అనుకుని."

సింహాద్రి కట్టుకేసి చూసుకున్నాడు. కాదంటే బండి ఇంకో షెడ్డుకి పోతుంది. మూల తుక్కు బండి నుంచి దింపిన గేరు బాక్సొకటి పడి ఉంది. "ఓ పది రోజులాగు. ఆ బాక్సు కట్టి ఉంచుతాను. వచ్చినరోజునే మార్చీసి ఇచ్చీస్తాను," అన్నాడు.

"ఏ సేత్తో కడతావు?"

"నోరుంది కదేటి. మాయావిడ కడుగుతాది, అందిస్తాది."

చిలకమ్మ తల ఎత్తలేదు. ఈ బాక్సు తన చేత్తో కట్టాలి. ఇది నిలబడిందా, ఇక ‘కడుగుతాది’ అన్న ఆ మాట నిలబడదు. అలా లోపల ఒకటి అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

మొదటిరోజు సింహాద్రి ఇనప కుర్చీలో కూర్చుని ప్రతి మాటా చెప్పాడు. రెండోరోజు సగం చెప్పాడు. మూడోరోజు, తను చెప్పబోయేది ఆమె చేతుల్లో అప్పటికే అయిపోతుండటం చూసి బీడీ వెలిగించాడు. ఆమె పని చూడ్డానికి బాగుండేది. తొందర ఉండదు, ఆగడం ఉండదు. బేరింగు ఎక్కించేముందు చెవి దగ్గర పెట్టుకుని తిప్పేది. షాఫ్టు మీద చక్రాన్ని పెట్టి, వేలితో కదిపి, ఎంత వదులుందో గోటితో కొలిచేది. ఒక్కచోట ఇద్దరికీ మాట కలవలేదు. మూడో గేరు ఇత్తడి రింగు ఎడమ చేత్తో ఎత్తి వెలుతురుకి పట్టాడు సింహాద్రి. "బాగుంది. ఎయ్."

"లోపల గీతలు అరిగిపోయినాయి మావా. పట్టు ఉండదు."

"సెప్పిన పని సెయ్యి. కడుగు."

కడిగింది. కడిగి, దాన్ని గోడ మేకుకి తగిలించి, డబ్బాలో ఉన్న కొత్త రింగు తీసి వేసింది. సింహాద్రి మేకుకేసి చూశాడు, బాక్సుకేసి చూశాడు, పొగ వదిలాడు.

బాక్సు మార్చేరోజు పక్క వెల్డింగు షాపు బాలన్న సాయం వచ్చాడు. బండి దిమ్మల మీదికి ఎత్తారు. చిలకమ్మ చీర కుచ్చిళ్ళు దోపి గోనె మీద పడుకుని కిందికి జరిగింది. నట్లు విప్పింది, వెనక చక్రాలకి పోయే పొడుగు షాఫ్టు ఊడదీసింది, పాత బాక్సుని పలక మీదికి, పలకని జాకీ మీదికి దింపింది. దింపడం అయినంత సులువు కాదు ఎక్కించడం. బాక్సు ముక్కు క్లచ్చి ప్లేటు మధ్య కన్నంలోకి పోవాలి, ఆ కన్నం కంటికి కనపడదు. బాలన్న కాళ్ళు రెండూ తన్నిపెట్టి బరువు ఆపుతున్నాడు. చిలకమ్మ కళ్ళు మూసుకుంది. వెనక కొసని ఒక వేలెడు తిప్పింది. గడియ పడినట్టు చిన్న చప్పుడు చేసి బాక్సు లోపలికి వెళ్ళి కూచుంది.

"మేస్త్రీ, నీకింక కుర్సీయే," అన్నాడు బాలన్న కింద నుంచి. సింహాద్రి నవ్వలేదు.

చివరికి మిగిలింది స్టీరింగు నుంచి కిందికొచ్చే రాడ్డుని బాక్సుకి కలపడం. "అది నాకొగ్గేయ్," అన్నాడు సింహాద్రి. లేచి బానెట్టు మీదికి వంగి ఎడమ చేత్తో నట్టు బిగించాడు. ఆమె వదిలేసింది. పదిరోజులు కూర్చున్న మనిషి, ఏదో ఒకటి తన చేత్తో చెయ్యాలనుకున్నాడు. ప్రతి నట్టు మీదా రెండోసారి స్పానరు పెట్టి చూడటం ఆమె అలవాటు. ఆరోజు అన్నిటి మీదా పెట్టింది, ఆ ఒక్కదాని మీద పెట్టలేదు. మొగుడు బిగించినదాని మీద పెళ్ళాం మళ్ళీ స్పానరు పెడితే అది నట్టుని బిగించడం అవదు, ఆయన్ని చిన్నచెయ్యడం అవుతుంది. ఎవరూ చెప్పకుండానే ఆ సంగతి ఆమెకి తెలుసు.

కన్నారావు బండిని పెదబొడ్డేపల్లి దాకా తిప్పి తెచ్చాడు. "ఏడుపు గొంతే లేదు మేస్త్రీ. ఎడం సేత్తో ఇలగ కట్టినావంటే నువ్వు మనిసివి కాదు."

సింహాద్రి ఆ మాట కాదనలేదు. "అయిదొందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు," అన్నాడు. "నలభై దాటకు. ఘాటీ ఎక్కకు. కోటవురట్ల, రోలుగుంట, ఆ సమం రోడ్లమీదే తిరుగు. అయిదొందలయినాక రా, నూనె మార్చాల. కొత్త కోడలనుకో. పళ్ళకి పళ్ళు అలవాటు పడాల."

"గేరు మారిసేముందు ఒకటి, రెండు అని లెక్కెట్టుకో అన్నా," అంది చిలకమ్మ టీ గ్లాసులు అందిస్తూ. కన్నారావు తలూపి గ్లాసు తీసుకున్నాడు.

గ్లాసులు కడుగుతూ ఆ మాటే తలుచుకుంది. కొత్త కోడలు. ఇనప ముక్కకి అయిదొందల కిలోమీటర్లు ఇచ్చారు, నలభై దాటొద్దన్నారు. తను ఈ ఇంటికి వచ్చినప్పుడు ఎవరూ ఒక్క కిలోమీటరు ఇవ్వలేదు. మర్నాడే ఘాటీ ఎక్కించారు. తెల్లారకముందే లేపి, ఎనిమిది మందికి వండించి, "బేగి, బేగి" అన్నారు. కిర్రుమంటే తప్పు, ఆగితే తప్పు. అలవాటు పడటానికి సమయం కావాలని ఇనప పళ్ళ విషయంలో తెలిసిన మనుషులే ఇంట్లో వాళ్ళంతా.

నాలుగో రోజు మధ్యాహ్నం బండి తిరిగొచ్చింది. కన్నారావు తలుపు గట్టిగా వేశాడు. కోటవురట్ల రోడ్డులో మూడో గేరు రెండుసార్లు దానంతటది ఊడిపోయిందట. పాసింజర్లు దిగి బస్సెక్కిపోయారట. టీ బడ్డీ దగ్గరున్న నలుగురు డ్రైవర్లూ ఇటొచ్చారు.

"ఘాటీ ఎక్కినావేటి?" అడిగాడు సింహాద్రి.

"నా పిల్లలమీదొట్టు. నలభై దాటలేదు. లెక్కెట్టి మరీ మారిసినాను. నువ్వు కట్టిన బాక్సేనా ఇది?"

సింహాద్రి కట్టున్న చెయ్యి ఎత్తి చూపించాడు. "ఈ సేత్తో నానేటి కడతాను? అది కట్టింది."

చిలకమ్మ బేసిను దగ్గరే ఉంది. చేతిలో బ్రష్షు ఆగిపోయింది. కట్టింది. పదకొండేళ్ళు ఏ మాట కోసం చూసిందో ఆ మాట వచ్చింది. నలుగురి ముందు వచ్చింది. బండి గొంతు లేకుండా తిరిగినరోజు రాలేదు, గేరు ఊడినరోజు వచ్చింది. బాగుంటే ఆయన కట్టింది, చెడితే ఆవిడ కట్టింది. మధ్యలో ఉన్నదంతా కడగడం. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఆ మాట ఎలా వచ్చినా వచ్చింది కదా, ఇక తిరిగి లోపలికి పోనివ్వకూడదు అనిపించింది. ఒక్కొక్క చక్రాన్నీ మనసులో మళ్ళీ వేలితో తడుముకుంటూ వచ్చింది. రింగు, బేరింగు, చక్రం. ఎక్కడా తప్పు లేదు. కళ్ళు మూసి ఎక్కించిన బాక్సు అది. తను చూడని చోటు ఒక్కటే ఉంది.

"ఆడదాని సెయ్యి," అన్నాడెవరో డ్రైవరు.

లేచి, చేతులు తుడుచుకుని, బానెట్టు ఎత్తింది. రాడ్డు వెంట వేలు కిందికి జార్చింది. నట్టు వేలికే తిరిగింది. అది వదులై రాడ్డు జరిగినందువల్ల, కన్నారావు మూడో గేరు వేసినా లోపల అది సగమే పడుతోంది.

తల తిప్పితే సింహాద్రి ఆమె వేలికేసే చూస్తున్నాడు. ఏ నట్టో అతనికి తెలిసింది.

"ఏటయ్యింది సెల్లెమ్మా?" అన్నాడు కన్నారావు.

"బాక్సు బాగుంది అన్నా. అది నాను కట్టినాను." గొంతు పెంచలేదు. "బయట రాడ్డు నట్టు జారింది, అంతే."

"ఎవులు బిగించినారు దాన్ని?"

చెప్పెయ్యడం సులువు. చెప్పాల్సిన మనిషి ఎదురుగా ఉన్నాడు కాబట్టి ఆమె చెప్పలేదు. స్పానరు తీసుకుని రాడ్డు సరిచేసి, నట్టు బిగించి, రెండోసారి పెట్టి చూసింది.

"నానే బిగించినాను," అన్నాడు సింహాద్రి నేలకేసి చూస్తూ. డ్రైవర్లు ఒక్కొక్కరే టీ బడ్డీ వైపు కదిలారు.

బండి మళ్ళీ పెదబొడ్డేపల్లి దాకా పోయింది. ఈసారి ముందు సీట్లో కన్నారావు పక్కన చిలకమ్మ కూచుంది. వెనక సింహాద్రి. ఒకటి, రెండు అని ఆమె అంటే కన్నారావు గేరు మార్చాడు. మూడోది పడింది. అందులోనే ఊరు దాటారు, తిరిగొచ్చారు.

అయిదొందల కిలోమీటర్లకి ఇంకో మూడు వారాలు పట్టింది. నూనె దింపేరోజు కన్నారావు సింహాద్రిని పిలవలేదు, "సెల్లెమ్మా" అనే పిలిచాడు. వేడి నూనె డబ్బాలోకి ధారలా పడింది. చిలకమ్మ రెండు వేళ్ళ మధ్య నలిపి ఎండలోకి పట్టింది. ముక్కలు లేవు, గరుకు లేదు. చిన్న చేప పొట్ట మీద ఉండేపాటి మెరుపు, అంతే. పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడ్డాయి.

"ఇంక ఘాటీ ఎక్కొచ్చన్నా," అంది.

మరో నాలుగు రోజులకి సింహాద్రి కట్టు విప్పారు. వారానికి రోలుగుంట నుంచి ఇంకో బాక్సు వచ్చింది. సింహాద్రి దాన్ని విప్పి, చక్రాలన్నీ బేసిన్లో వేసి, కిరసనాయిలు పోసి, అలవాటుగా బల్ల దగ్గరికి వెళ్ళాడు. బల్ల ముందు ఇనప కుర్చీలో చిలకమ్మ కూచుని ఉంది. స్పానర్లు వరసగా పేర్చుకుంటోంది. పళ్ళ బ్రష్షు అతని చేతికి ఇచ్చింది.

"సెయ్యి బాగయ్యింది కదా మావా. ఈపాలి నువ్వు కడుగు. నాను కడతాను."