రెండు కిటికీల గాలి

ఎదురెదురు కిటికీలు రెండూ ఒకేసారి తెరిస్తే మధ్యలో దూసుకుపోయే గాలిని మేం ప్రోమాయ అంటాం. మెడ పట్టేయడం నుంచి పిల్లలు పుట్టకపోవడం దాకా మా ష్టిప్ ఊళ్లో ప్రతి జబ్బుకూ అదే కారణం. నా భార్య ల్యూబా ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా తలుపు వేయమని సైగ చేసేది.

ఆ భయం మా ఊరి చొక్కాల ఫ్యాక్టరీ యజమానికి బాగా కలిసొచ్చింది. జూలై ఎండకు, రేకుల కప్పు కింద, ఇస్త్రీ ఆవిరిలో ఆడవాళ్లు సొమ్మసిల్లుతున్నా వేడిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించలేదు. అడిగితే, కిటికీలు మూసుకునేది మీరే కదా అనేవాడు సూపర్‌వైజర్ బ్లాగోయ. గట్టిగా అడిగితే, ఇంకా చౌకగా కుట్టే దేశానికి ఆర్డర్లు వెళ్లిపోతాయనేవాడు. అది ఉత్త బెదిరింపు కాదు. పక్క వీధిలో బూట్ల ఫ్యాక్టరీ అలాగే మూతపడింది.

మా కింది వాటాలో ఉండే రట్కా అక్కడ ఇస్త్రీ చేస్తుంది. అప్పుడామె కడుపుతో ఉంది. బల్ల దగ్గర ఒకసారి పడిపోయింది. మళ్లీ పడితే పనిలోంచి తీసేస్తామన్నారు.

ఆ వేసవిలోనే జర్మనీ నుంచి ఊటె అనే ఆమె వచ్చింది. అక్కడ ఆ చొక్కాలు కొనేవాళ్లు కొందరు, వీటిని కుట్టేవాళ్లు ఎలా ఉన్నారని దుకాణంలో పదే పదే అడిగారట. చివరికి మీలోనే ఒకరు వెళ్లి చూసి రండని దుకాణంవాళ్లు ఆమెను పంపారు. బడిలో జర్మన్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి మాటలు చేరవేయడానికి నన్ను పిలిచారు.

లోపలి ఆవిరికి నా కళ్లద్దాలు మసకబారాయి. కిటికీలు ఎందుకు మూశారని ఊటె అడిగింది. బ్లాగోయ ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు, కిటికీ పక్కన మిషన్ కుడుతున్న ట్రయాంకాను చూపించాడు. ఏళ్ల తరబడి ఆ కిటికీకి కాపలా ఆమే. గడియ మీద ఎవరు చెయ్యి వేసినా తిట్టిపోసేది.

"చెప్పు పెద్దమ్మా, ఈ కిటికీ తెరవమంటావా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె వద్దంటే ఊటె అదే నమ్మి వెళ్లిపోతుంది. వద్దనే అంటుందని నాకు తెలుసు. లేని మాట చెప్పే మనిషి కాదు.

ట్రయాంకా ఇస్త్రీ బల్ల వైపు చూసింది. రట్కా బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. ట్రయాంకా లేచి కిటికీ తెరిచింది. హాలు దాటి వెళ్లి ఎదుటిది కూడా తెరిచింది. తిరిగి వచ్చి, తలగుడ్డ విప్పి మెడకు చుట్టుకుని, సరిగ్గా ఆ గాలిలోనే కూర్చుంది.

"నాకిదంటే చచ్చేంత భయం మాస్టారూ, అదీ చెప్పండి ఆమెకి. నా మెడ రేపు పట్టేస్తుంది. ఆ పిల్ల ఇవాళే పడిపోయేలా ఉంది. ఫ్యాన్లుంటే ఈ రెంటిలో ఏదో ఒకటి ఏరుకోవాల్సిన ఖర్మ మాకుండదు."

చెప్పాను. ఊటె ట్రయాంకా వైపు తిరిగింది. ఈ చొక్కాలు కొనడం మానేయమని మావాళ్లకు చెప్పనా అని అడిగింది.

"మానేస్తే మేం తినేదేంటమ్మా? కొనమను. కొన్న ప్రతిసారీ ఫ్యాన్లు పెట్టారా అని అడగమను. ఒక్కసారి అడిగి ఊరుకోవద్దను, మా బ్లాగోయకి మతిమరుపు."

హాలంతా నవ్వింది. కాస్త ఆలస్యంగా బ్లాగోయ కూడా.

జర్మనీలో కొనేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఖర్చులో దుకాణం కూడా భాగం పంచుకోవాలని పట్టుబట్టారు. ఎండలు పోకముందే రేకుల కింద ఫ్యాన్లు తిరిగాయి. అప్పటిదాకా రట్కాకు కూర్చుని చేసే గుండీల పని ఇచ్చారు.

కిటికీలు తెరిచిన మర్నాడు మాత్రం ట్రయాంకా తల తిప్పలేకపోయింది. మెడకు పట్టు వేయడానికి రాకియా సారా సీసా, పాత గుడ్డ తీసుకుని వెళ్లాను.

"ప్రోమాయ లేదు గీమాయ లేదు అనేవాళ్లని తీసుకొచ్చి నన్ను చూపించండి" అంది గర్వంగా. తర్వాత సీసా వైపు ఓరగా చూసి, అంతా మెడకే పోసేయకండి అంది.