చివరి రీలులో లేని పాప

గొడవ ఫ్లాస్కు మూత దగ్గర మొదలైంది.

డబ్బింగ్ ఉన్న రోజున ఆ ఇంటి కోడలు గోరువెచ్చని నీళ్ళు లేకుండా గడప దాటదు. ఆ రోజు ఫ్లాస్కు నిండుగానే ఉంది, మూతే లేదు. ఇల్లంతా గాలిస్తే, అది బాల్కనీ గోడమీద పిచ్చుకలకు నీళ్ళగిన్నె అయి కూర్చుంది.

"అత్తయ్యా, ఇంట్లో ఇన్ని గిన్నెలుండగా మీకు నా మూతే దొరికిందా?"

"దాహమేసిన పిట్టల్ని ఆగమని చెప్పి గిన్నె వెతకమంటావా?" అంది అత్తగారు తలైనా తిప్పకుండా. "మూతకే ఇంత రాద్ధాంతమైతే, శుక్రవారం ఆ దత్తత పిల్లొచ్చి ఇల్లు పీకి పందిరేస్తే ఏం చేస్తావ్?"

"పందిరేస్తే ఎండకి నీడేగా అమ్మా," అన్నాడు కళ్ళద్దాల షాపుకు బయల్దేరుతున్న భర్త. ఇద్దరిలో ఒక్కరూ నవ్వలేదు.

అత్తగారు గొంతు తగ్గించింది. "నీ మంచికే చెప్తున్నానమ్మాయ్. ఆ పిల్ల కాలు పెట్టిన వేళావిశేషం, నీ కడుపు పండుతుంది చూడు. ఎన్ని సినిమాల్లో చూడలేదూ? పైనెలకి డాక్టరమ్మ తేదీ కూడా ఇచ్చిందాయె. రెండూ కలిసొస్తాయి."

ఏడేళ్ళలో నాలుగుసార్లు చికిత్స బెడిసికొట్టింది. దత్తత మాటెత్తినప్పుడు రెండు నెలలు ముఖం మాడ్చుకున్న అత్తగారు, ఒకరోజు ఉన్నట్టుండి సరేనంది. ఎందుకు సరేనందో కోడలికి తెలుసు. తెలిసే ఊరుకుంది. పైనెల తేదీని తను మాత్రం వద్దనుకుందా? మనసులో ఏ మూలో తనకూ ఆ ఆశే ఉంది.

మూత కడిగి బిగించుకుని, స్టూడియోకి బయల్దేరింది.

స్టూడియోలో ఆమె పేరు పాపక్క. నిజం పసికందుల్ని మైకు ముందు అడిగినప్పుడల్లా ఏడిపించలేరు కాబట్టి, పద్నాలుగేళ్ళుగా ఆ ఏడుపులన్నీ ఆమే ఏడుస్తోంది. "పురిటినొప్పులు లేకుండా మూడొందలమందిని కన్నావు పాపక్కా" అని సౌండు ఇంజినీరు ఆటపట్టించేవాడు. సంగతి తెలిశాక మానేశాడు.

ఇప్పటి సినిమాలో పిల్లల్లేని కథానాయిక ఆరేళ్ళ అనాథను ఇంటికి తెచ్చుకుంటుంది. ఆ పిల్లకూ పాపక్కే గొంతు. గుమ్మం బయట నిలబడి, "అమ్మా, నా చెప్పులు లోపల పెట్టుకోవచ్చా?" అని ఆ పిల్ల అడిగే మాట నిన్ననే చెప్పింది.

ఇవాళ చివరి రీలు. కథానాయిక వాష్‌బేసిన్ దగ్గరకు పరుగెత్తింది. సినిమాల్లో ఆడవాళ్ళకు అజీర్తి చెయ్యదు. వాంతయిందంటే నెల తప్పినట్టే. మరుక్షణం డాక్టరు నవ్వు, ఆ వెంటనే పొత్తిళ్ళలో బిడ్డ. "ఇప్పుడు నేను నిజంగా అమ్మనయ్యాను" అంటోంది కథానాయిక.

"మరి ఆ పాపేదీ?" అంది పాపక్క.

"ఏ పాప?" అన్నాడు ఇంజినీరు.

"నిన్న చెప్పుల గురించి అడిగిందే, ఆ పాప."

"ఓ, ఆ పిల్లా? నిడివి ఎక్కువైందని ఈ రీల్లో తన షాట్లు లేపేశారు. అయినా సొంతబిడ్డ పుట్టాక కథలో దాంతో పనేముంది పాపక్కా?"

రికార్డింగు ఎర్రలైటు వెలిగింది. తెరమీద మంచం, బిడ్డ, నవ్వే ముఖాలు. ఓ పక్కన, తలుపు అంచున, కత్తిరించడం మరిచిపోయిన ఆ పిల్ల పసుపుపచ్చ గౌను కొస. పాపక్క చూపు అక్కడే ఆగిపోయింది. పసికందు ఏడవాల్సిన చోట నోరు తెరిచింది.

"అమ్మా!"

ఆరేళ్ళ పిల్ల గొంతు.

ఇంజినీరు బొమ్మ ఆపాడు. "పాపక్కా, ఆ పిల్ల కాదు. పసిబిడ్డ."

"పొరపాటైంది బాబూ."

పద్నాలుగేళ్ళలో ఆమె ఒకరి గొంతు ఇంకొకరికి పెట్టడం అదే మొదలు. రెండోసారి కచ్చితంగా ఏడ్చింది. పని పనే. బయటికొచ్చి ఫ్లాస్కు మూతలో నీళ్ళు ఒంపుకుంది. నీళ్ళు సగం తాగి, డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

అటునుంచి భర్త షాపుకు వెళ్ళింది. అంతా విని, అతను తుడుస్తున్న కళ్ళద్దాన్ని పక్కన పెట్టాడు. "నాలుగోసారి బెడిసికొట్టినప్పుడే ఈ మాట నేననాల్సింది," అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు హుషారుగా ఉంది. పిల్లకని చిన్న కంచం కొనుక్కొచ్చింది. "దీనికి జత కూడా ఇమ్మన్నాను, లేదన్నాడు. వచ్చే ఏడాదికి కావాలిగా రెండోది."

కోడలు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది.

"రెండోది అక్కర్లేదు అత్తయ్యా. పైనెల నేను ఆసుపత్రికి వెళ్ళడం లేదు. ఇక ఎప్పుడూ వెళ్ళను. డాక్టరమ్మకి చెప్పేశాను."

అత్తగారు కొడుకు వైపు చూసింది. అతను తల దించుకోలేదు. "నాక్కూడా ఇష్టమేనమ్మా," అన్నాడు.

"అయితే ఆ పిల్లని తెచ్చుకోవడం దేనికి మరి?"

"ఆ పిల్ల కోసమే. ఇంకెవర్నో వెంటబెట్టుకొస్తుందని కాదు. నేనూ నిన్నటిదాకా అలాగే ఆశపడ్డాను, తప్పు నాదీ ఉంది. శుక్రవారం వచ్చేది మీ మనవరాలు. దాని తర్వాత ఎవరూ రారు."

అత్తగారు కొత్త కంచాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"గుమ్మం లోపలి అరలో," అంది కోడలు, "మీ చెప్పుల పక్కన దాని చెప్పులకి చోటు చెయ్యండి."