నాన్న పాపాల చిట్టా

లిఫ్టు మెకానిక్‌కి పొద్దున్నే పేపరు చదవడమంటే పెద్ద కార్యక్రమం. తన మానాన తను చదువుకుంటే ఆయనెందుకవుతాడు? కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఇల్లంతా వినేలా చదువుతాడు. ఎక్కడో పడవ మునిగి నలభై మంది పోయారంటే పేపరు ఒళ్ళో పెట్టుకుని, ఆదివారం చర్చి పూజలో అందరూ చేసినట్టే, పిడికిలితో గుండెల మీద మూడుసార్లు కొట్టుకుని "నా పాపమే" అంటాడు. వంతెన కూలినా అంతే, యుద్ధం ఆగకపోయినా అంతే. లోకంలో జరిగే ఘోరాలలో మనందరికీ వంతు ఉందని ఆయన ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కాకపోతే ఆ మూడు దెబ్బలూ పడ్డాక మనసు తేలికపడి రెండో కప్పు టీ అడుగుతాడు.

"లోకం సంగతి అయిపోతే స్నానానికి లేవండి, నీళ్ళు చల్లారిపోతున్నాయి," అనేది భార్య.

ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే ఎనిమిదేళ్ళ కూతురు మాత్రం ఎదురుగా కూర్చుని, రొట్టె నములుతూ, ఇదంతా కళ్ళార్పకుండా చూసేది. ఆ శనివారం పిల్ల మొదటిసారి పాపసంకీర్తనానికి వెళ్ళాలి. గుడిలో ఫాదర్ గారి దగ్గర మోకరించి, చేసిన తప్పులన్నీ చెప్పుకోవాలి. మరిచిపోకుండా నోటుబుక్కులో రాసుకోమని జ్ఞానోపదేశం టీచరమ్మ చెప్పి పంపింది.

గురువారం సాయంత్రం ఆయన పనినుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే భార్య ఆ నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టింది. నవ్వు ఆపుకోలేక ఆవిడ మొహం ఎర్రబడింది. మొదటి పేజీలో పక్కింటి పిల్లి తోక లాగడం, పళ్ళు తోముకోకుండానే తోముకున్నానని చెప్పడం లాంటివి ఉన్నాయి. పేజీ తిప్పాడు. పైన స్కేలు పెట్టి గీత కొట్టి 'నాన్న పాపాలు' అని రాసి ఉంది. పడవ ముంచడం. వంతెన కూల్చడం. అడవి తగలబెట్టడం. యుద్ధం, రెండు చోట్ల. అడుగున చిన్న అక్షరాలతో, 'పోయిన వారం కన్నా ఎక్కువయ్యాయి.'

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. రేపు పనిలో అందరికీ చూపించాలనుకున్నాడు కూడా. కూతుర్ని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"ఏమే పిడుగూ, నా పాపాలు నువ్వెందుకు రాశావు?"

పిల్ల నవ్వలేదు. పెదవి బిగబట్టుకుంది. "నువ్వు చెప్పుకోవు కదా. అందుకని నేనే ఫాదర్‌కి చెప్పేద్దామని."

"నేను చెప్పుకోనని ఎవరన్నారు?"

"అమ్మ లోపలికి వెళ్తుంది. నువ్వు బయట నిలబడి ఫోన్ చూసుకుంటావు. ఇన్ని పాపాలు పెట్టుకుని చచ్చిపోతే ఎలా నాన్నా?" అంటూ పిల్ల బావురుమంది.

ఆయన గుండె నీరైపోయింది. ముక్కు తుడిచాడు, వీపు నిమిరాడు. అవేవీ తను చేసినవి కావనీ, పోయినవాళ్ళ మీద జాలికొద్దీ అలా అంటాననీ నచ్చజెప్పాడు.

"చేయనివి చేశానంటే అబద్ధం కదా?"

"అబద్ధం కాదే, అదొక రకంగా..."

"మరి నిజంగా చేసినవి ఏంటి?"

వంటగదిలో గిన్నెలు కడుగుతున్న భార్య కుళాయి కట్టేసింది. జవాబు ఆవిడకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఐదేళ్ళ క్రితం తల్లి పోయినప్పుడు తమ్ముడు వేరే ఊరినుంచి రావడం ఆలస్యమైంది. ఆఖరి రెండు నెలలూ ఆమె మంచం పక్కన ఒక్కడే కాపలా కాసిన కోపంలో, సమాధి దగ్గర అందరూ చూస్తుండగా ఈయన తమ్ముడి చేయి పట్టుకుని ఆపేశాడు. "మా అమ్మకు నీ మట్టి అక్కర్లేదు," అన్నాడు. తమ్ముడు గుప్పిట్లో మట్టి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ మాటల్లేవు. ఊరందరి పాపాలూ నెత్తిన వేసుకునే మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం నోటితో అనలేదు. అంటే క్షమాపణ అడగాల్సి వస్తుందని భయం.

శుక్రవారం లిఫ్టు పెట్టె మీద కూర్చుని ఒకే ఇనుప పట్టాకు రెండుసార్లు గ్రీజు రాశాడు. "ఏమైంది గురూ, ఇంట్లో గొడవా?" అని తోటివాడు అడిగితే, "ఇంట్లో కాదు," అన్నాడు.

శనివారం గుడిలో వరుసలో కూతురి ముందు తనే నిలబడ్డాడు. భార్య అది చూసి, ఆయన చొక్కా కాలరు సరిచేసి వెనక్కి వెళ్ళి కూర్చుంది. లోపలికి వెళ్ళి, అలవాటు చొప్పున లోకం బాధలతో మొదలుపెట్టాడు. అవన్నీ దాటి తమ్ముడి దగ్గరికి వచ్చి, సమాధి దగ్గర అన్న మాట అన్నట్టే చెప్పాడు. ఫాదర్ గారు అంతా విని, "జపాలు తర్వాత. ముందు ఫోన్ చెయ్యి నాయనా," అన్నారు.

పిల్ల లోపలికి వెళ్ళగానే ఆయన బయట మెట్ల మీదికి వచ్చి నంబరు నొక్కాడు. రెండుసార్లు మోగకుండానే తమ్ముడు ఎత్తాడు.

"అన్నయ్యా, ఎవరు పోయారు?"

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళకు తన నంబరు చూస్తే వాడికి తోచింది అదొక్కటే.

"ఎవరూ పోలేదురా," అన్నాడు. "నేనే. నీతో మాట్లాడదామని."

తమ్ముడు పెట్టేస్తాడేమోనని ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"ఉండు అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "కూర్చుంటాను. ఇప్పుడు చెప్పు."