పాటకూ పాటకూ నడుమ

వెదురుగడ చివర కట్టిన తెల్లగుడ్డను పోలయ్య మెల్లగా, గాలి ఊపినంత మెల్లగా, నిద్రగన్నేరు కొమ్మల మధ్యకు ఎత్తాడు. కొమ్మ మీది కాకి తల పక్కకు వంచి గుడ్డను చూసింది, గుడ్డ కింది మనిషిని చూసింది, సరేలెమ్మన్నట్టు రెక్కలు విప్పుకుని గోడ అవతలికి ఎగిరిపోయింది. అరవలేదు. అరవకుండా పోవడమే కావలసింది. హుష్ అంటే కాకి పోతుంది గానీ, ఆ హుష్ కూడా మైకులో పడుతుంది. రాయి విసిరితే మరీ ప్రమాదం. ఒక్క కాకికి దెబ్బ తగిలితే ఊరి కాకులన్నీ వచ్చి పరామర్శిస్తాయి.

రంగూన్ రేడియో కార్యాలయం పెరట్లో అతనిది తోటపనివాడి ఉద్యోగం. ఒకప్పుడు స్టూడియో కిటికీలు తెరిచే పనే ఉండేది కాదు. లోపల చల్లగాలి యంత్రం తిరిగేది. యంత్రం చెడిపోయింది. దానికి కావలసిన భాగం విదేశం నుంచి రావాలి. సైన్యం రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో విదేశం నుంచి ఏదీ రావడం లేదు. పాడేవాళ్ళకు, మాట్లాడేవాళ్ళకు ఊపిరాడక కిటికీలు తెరిచారు. తెరిచిన కిటికీలోంచి గాలితోపాటు కాకుల గోల వచ్చింది. అలా తోటపనివాడు నిశ్శబ్దానికి కావలివాడయ్యాడు.

పొట్టి మనిషి. రోజల్లా పైకి చూసి చూసి మెడ వెనక్కి వాలిపోయి, నేల మీద నడుస్తున్నా ఆకాశాన్ని ఏదో అడుగుతున్నట్టు ఉంటాడు. ఎండుటాకులు చప్పుడు చేయకుండా వట్టి పాదాలతో తిరుగుతాడు. దగ్గును గొంతులోనే మింగుతాడు, తుమ్మును ముక్కులోనే అణుస్తాడు. దేశమంతటికీ వినబడే ఆ ఇంట్లో, ఎవరికీ వినబడకుండా ఉండటమే అతని విద్య.

అన్నేళ్ళు అక్కడ పనిచేసినా రేడియో అంటే అతనికి వెరపుతో కూడిన భక్తి. పొద్దున్నే ఎవరూ చూడకుండా పెరట్లోని ప్రసారపు ఇనుప స్తంభానికి ఒక నమస్కారం పెడతాడు. ఈ గదిలో ఒక పెదవి కదులుతుంది. ఆ క్షణంలోనే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, తమ ఇంటి తడికకు అవతల, లక్ష్మీప్రియ అప్ప రేడియో పెట్టెలో అదే మాట పలుకుతుంది. తాను బస్సెక్కి, బస్సు దిగి, సందులన్నీ తిరిగి చేరుకునే ఇంటికి మాట మాత్రం రెప్పపాటులో చేరుతుంది. ఏ దారిన పోతుందో! ఏ చెట్టుకూ తగలదు, ఏ సిపాయీ ఆపడు.

ఆ రోజు ఆదివారం. వారానికొకసారి వచ్చే ఇంగ్లీషు పాటల కార్యక్రమం ఆ పూటే. శ్రోతలు ఏ పాట కోరి ఎక్కువ కార్డులు రాస్తే ఆ పాట పైకి పోతుంది. పదో పాటతో మొదలై మెట్టుమెట్టుగా మొదటి పాట దాకా ఎక్కుతారు. కొత్త రికార్డులు ఓడ దిగడం మానేశాక పాత పాటలే మళ్ళీ మళ్ళీ ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. అయినా మెట్లెక్కేవేళకు నగరమంతా చెవులప్పగించేది.

పోలయ్య మనసు మాత్రం ఇంటి దగ్గరే ఉంది.

తెల్లవారుతూనే పొరుగింటి లక్ష్మీప్రియ అప్ప గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించింది. "ఇయ్యాల ఎల్లకు పోలయ్యా. మడిసి వాలకం బాగోనేదు."

మంచం పట్టిన భార్య తిన్ తిన్ విననే విన్నది. బర్మా ఇంట పుట్టి, అత్తగారి దగ్గర తెలుగు నేర్చిన మనిషి. ఎండిన మొహంలో కళ్ళు మాత్రం మునుపటివే. "ఎల్లనీ అప్పా. ఈయన ఎల్లకపోతే రేడియోలో కాకులు పాడతాయి," అంది.

వెళ్ళక తప్పదని ముగ్గురికీ తెలుసు. కిందటి నెలలో ఒక పెద్దమనిషి ఉపన్యాసం నడుమ కాకి అరిచింది. మరొక్కసారి వినబడితే ఉద్యోగం ఉండదని అధికారి చెప్పేశాడు. ఇక్కడివాడని కాగితం లేనివాడికి ఉద్యోగం ఊడితే ఓడే గతి. ఆ వీధిలో ఎందరో అలాగే విశాఖపట్నం ఓడ ఎక్కిపోయారు. పోలయ్య ఓడెక్కితే ఈ మంచం దగ్గర ఎవరుంటారు?

"కో పోలయ్యా," బర్మా మర్యాదతో పిలిచింది తిన్ తిన్. "ఆ రా-రా పాట ఇయ్యాల ముందుకొస్తాదా?"

"ఒస్తాదే. కార్డులన్నీ దానికేనట."

"అయితే ఎల్లు. కావాలంటే నాను పిలుస్తాను."

"ఇక్కడినుంచి ఎలాగ పిలుస్తావే?"

"రేడియో నేదేటి?"

"అది అక్కణ్ణుంచి ఇక్కడికే పలుకుతాది పిచ్చిదానా. ఇక్కణ్ణుంచి అక్కడికి పలకదు."

"నీకేటి తెలుసు," అంది ఆమె కళ్ళు మూసుకుని. "పాటకీ పాటకీ మజ్జిన సప్పుడు నేకుండా ఉంటాది సూడు. అది నువ్వే గదా. నాను పాటలు ఇనను, నిన్ను ఇంటాను."

ఆ మాట గుండెలో పెట్టుకునే అతను బస్సెక్కాడు.

"ఊ పోలయ్యా!" పెద్దవాళ్ళ పేరు ముందు బర్మావాళ్ళు పెట్టే "ఊ" చేర్చి పిలుస్తూ కిటికీలోంచి హ్నిన్ తొంగిచూసింది. పాటలు చెప్పే అమ్మాయి ఆమె. జడలో సంపెంగ, చేతిలో రికార్డుల దొంతర. "ఈ వారం మీ కాకుల్లో మొదటి స్థానం ఎవరిది?"

"ఆ కుంటిదానిదే అమ్మా. దాన్ని దించే మొనగాడు ఇంకా పుట్టలేదు."

"దానికి కార్డులెవరు రాస్తున్నారు?"

"దాని చుట్టాలే. ఊరంతా చుట్టాలే దానికి."

ఆమె నవ్వు మధ్యలోనే ఆగింది. ప్రసారం మొదలైందని లోపల ఎర్రదీపం వెలిగింది. పోలయ్య గడ ఎత్తాడు.

పదో పాట వచ్చింది, తొమ్మిదోది వచ్చింది. పాట తిరుగుతున్నంతసేపూ భయం లేదు. పాట ఆగి హ్నిన్ నోరు తెరిచే ఆ కాస్త ఎడమే గండం. ఆ ఎడంలో పోలయ్య చెట్టుకింద చెట్టై నిలబడ్డాడు. కుంటికాకి వచ్చింది, గుడ్డను చూసి పోయింది, మళ్ళీ వచ్చింది. ప్రతి నిశ్శబ్దాన్నీ అతను రెండు అరచేతులతో పట్టి మంచం దాకా పంపుతున్నాడు. ఇదిగోనే, ఇది నేనే. ఇదిగో, ఇదీ నేనే.

అప్పుడు మొదటి పాట వచ్చింది.

ఎవరో దూరదేశపు కుర్రాళ్ళు. వాళ్ళ భాష అతనికి రాదు, తిన్ తిన్‌కూ రాదు. ఒక చోట మాత్రం ఆ కుర్రాళ్ళకు మాటలు చాలవు. చాలక, గొంతులన్నీ ఒక్కటి చేసి "లా... లా... లా..." అంటారు. అందరికీ అది వట్టి రాగం. బర్మా భాషలో "లా" అంటే "రా." తిన్ తిన్ మొదటిసారి విన్ననాడే తేల్చేసింది: ఇది ఎవరినో ఇంటికి పిలిచే పాట.

కిటికీలోంచి ఆ పిలుపు వచ్చింది. లా. పోలయ్య గడ పట్టుకున్న చేయి ఆగిపోయింది. ఎన్ని వారాలుగానో విన్నదే. కానీ ఈవేళ ఆ గొంతుల కింద, బావి అడుగున నీటిలా, మరో గొంతు ఉంది. లా... లా... అటునుంచి ఇటు పలకదని తాను నవ్విన ఆ పెట్టె, పలికింది.

గడను చెట్టు మొదలుకు ఆనించాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

గేటు దగ్గర, విద్యార్థుల అలజడి నాటినుంచీ కదలని తుపాకీ సిపాయి అడ్డొచ్చాడు. "ఎక్కడికి పెద్దాయనా?"

"పిలుస్తున్నారు," అన్నాడు పోలయ్య.

ఆ మొహంలో ఏం కనబడిందో, సిపాయి పక్కకు తప్పుకున్నాడు.

ప్రోం రోడ్డు మీద అడుగుపెట్టాడు. పాట అతనికంటే ముందే అక్కడ ఉంది. టీకొట్టులో ఉంది, మంగలి దుకాణంలో ఉంది, మేడమీద ఆరేసిన లుంగీల వెనక ఉంది. ఒక కొట్టు దాటితే మరో కొట్టు అదే చరణాన్ని తెగకుండా అందుకుంటోంది. ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పసిబిడ్డను అందించినట్టు నగరం అతణ్ణి ముందుకు అందిస్తోంది. ఇన్నాళ్ళూ తాను కాపలా కాసింది ఒక కిటికీకే అనుకున్నాడు. ఇంత పెద్ద ఊరికని తెలియదు. పోలయ్య పాటలో నడిచాడు, ఏట్లో నడిచినట్టు.

పాట ముగిసింది. టీకొట్టు రేడియోలో హ్నిన్ ఊపిరి పీల్చుకోవడం వినబడింది. ఆ వెంటనే,

"కా!"

మళ్ళీ. మళ్ళీ. కుంటికాకే. ఆ గొంతు అతను వెయ్యింటిలో పోల్చగలడు. మాండలే నుంచి మౌల్మెయిన్ దాకా, విననివాళ్ళంటూ ఉండరు.

"కాకి కూడా కార్డు రాసిందిరా!" అన్నాడెవడో. కొట్టంతా గొల్లుమంది.

ఉద్యోగం పోయింది. కళ్ళముందు ఓడ పొగగొట్టం మెదిలింది. అయినా పాదాలు ముందుకే పడ్డాయి. వస్తున్న బస్సుకు చేయెత్తాడు.

సందు మొదట్లోనే మనుషులు కనబడ్డారు. అతణ్ణి చూసి మాటలు మాని దారి ఇచ్చారు. లక్ష్మీప్రియ అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"బేగే వొచ్చీసినావురా తమ్ముడా," అంది. "అదీ బేగే ఎలిపోనాది."

అతను మంచం పక్కన కూర్చున్నాడు. తిన్ తిన్ మొహం ద్వారం వైపు తిరిగి ఉంది. ఎవరితోనో మాట మధ్యలో ఆగినట్టు పెదవులు కొద్దిగా విడి ఉన్నాయి.

"బాధేటీ పడనేదు," అంది అప్ప. "ఆ పాటంతా ఇన్నాది. పాటైపోనాక రేడియోలో కాకి అరిసింది సూడు, నాను అదిరిపోనాను. ఇదేమో నవ్వింది, నిజంరా, పళ్ళు కనపడీలాగ నవ్వింది. 'అప్పా, ఈయన బయల్దేరీసినాడు. అక్కడ నేడు,' అంది. 'మా అత్త సెప్పీది, కాకి అరిస్తే సుట్టమొస్తాడని. అన్నం పెట్టీ,' అంది. నాను లేసి అన్నం పెట్టి వొచ్చీసరికి..."

ఇంట్లో చప్పుడు లేదు. తడిక అవతల ఎవరో రేడియో కట్టేశారు. ఆ నిశ్శబ్దంలో ఏ కాకినీ తోలవలసిన పని లేదు. పోలయ్య తల వంచి, ఇన్నేళ్ళకు మొదటిసారి, అణుచుకోకుండా, పెద్దగా ఏడ్చాడు.

పొయ్యి పక్కన పీట వేసి ఉంది. పీట ముందు సత్తు పళ్ళెం, పళ్ళెం మీద మూత. ఆ మూత లోపల చెమర్చిన నీటిబొట్లు ఒక్కొక్కటే అన్నం మీదికి జారుతున్నాయి.