పెసర చేనులో కుదిరిన ఖోఖో జట్టు

నాకు కోపం ఎక్కువని మా స్కూల్లో అటెండర్ నుంచి హెడ్‌మిస్ట్రెస్ దాకా అందరికీ తెలుసు. లెక్కలు చెప్పేవాడికి ఆ మాత్రం కోపం లేకపోతే పిల్లలకు ఎక్కాలు కూడా రావు. నేను నారాయణఖేడ్ వచ్చి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో పదో తరగతి గేమ్స్ పీరియడ్‌ను ఒక్కసారి కూడా పిల్లలకు దక్కనివ్వలేదు. గంట కొట్టగానే క్లాసులోకి వెళ్లి బోర్డు మీద త్రిభుజం గీస్తే, బయటికి పరుగెత్తబోయిన వాళ్లంతా ఉసూరుమంటూ కూర్చునేవాళ్లు.

ఈ ఏడాది జూలైలో మా వ్యాయామ ఉపాధ్యాయుడు నందీశ్వర్ బదిలీ మీద వెళ్లిపోయాడు. మర్నాడే హెడ్‌మిస్ట్రెస్ నీలాంబిక మేడం నన్ను పిలిచింది.

"జగదీశ్వర్ సార్, గేమ్స్ పీరియడంటే మీకు మస్తు ఇష్టం గదా. ఇగ మొత్తం మీరే చూస్కోండి."

"నాకు ఆటలు రావు మేడం."

"పదకొండేండ్ల సంది ఆ పీరియడ్ తీస్కుంటున్నరు. ఇంకా రాకపోతే ఎట్ల సార్?"

స్టాఫ్‌రూమంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది. అయినా ఆటల గది తాళం తీసుకున్నాను.

అప్పటికి జోన్ పోటీలు నెల రోజుల్లో ఉన్నాయి. మా బాలికల ఖోఖో జట్టు మూడేళ్లుగా కల్హేర్ జట్టు చేతిలో ఓడిపోతోంది. కెప్టెన్ శివాని పదో తరగతి పిల్ల. లెక్కల్లో ముప్పై ఐదు దాటితే గొప్ప, కానీ పరుగులో మాత్రం మగపిల్లలకు కూడా అందదు. జోన్‌లో బాగా ఆడిన వాళ్లను జిల్లా జట్టుకు తీసుకుంటారు. "వచ్చే ఏడు నేనీ బడిల ఉండ సార్. నాకిదే ఆఖరు" అని ఆ పిల్ల చెప్పినప్పుడు, ఎందుకో నాకు కోపం రాలేదు.

నియమాల పుస్తకం తెప్పించుకున్నాను. టేపు పట్టి, సున్నం పోసి, సెంటీమీటరు తేడా రాకుండా కోర్టు గీశాను. ఖోఖోలో రెండు స్తంభాల నడుమ ఎనిమిది మంది వరుసగా కూర్చుంటారు, తొమ్మిదో మనిషి ఎదుటివాళ్లను తరుముతుంది. అందకపోతే, కూర్చున్న వాళ్లలో ఒకరి వీపు తట్టి 'ఖో' అని లేపి, తాను ఆ చోట కూర్చుంటుంది. నేను ఆ ఎనిమిది మందినీ ప్రార్థనలో నిలబెట్టినట్టు పొట్టివాళ్ల నుంచి పొడుగువాళ్ల దాకా కూర్చోబెట్టాను. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. కానీ ఎనిమిదో తరగతి పిల్లల చేతిలో కూడా ఓడిపోయారు. నేను తిట్టాను, మళ్లీ ఓడిపోయారు.

పోటీలు మంగళవారమనగా, శివాని మూడు రోజులు బడికి రాలేదు. ఏమైందని జట్టులోని రమ్యను అడిగాను. "పెసరకాయ తెంపుతుంది సార్. వాళ్ల నాయినమ్మ బడికి తోల్తలేదు" అంది. శుక్రవారం సాయంత్రం బండి తీసుకుని కంగ్టి రోడ్డు పట్టాను.

శివాని నాయనమ్మ బసమ్మ చేను నడుమ కూర్చుని కాయ తెంపుతోంది. ఆ ఇంట్లో పెత్తనమంతా ఆమెదే, కొడుకూ కోడలూ కూడా ఆమె మాట దాటరు. శివాని నడుముకు కట్టుకున్న చున్నీ ఒడి నిండా నల్లటి కాయలున్నాయి. నన్ను చూసి తల దించుకుంది.

"మంగళారం ఆట ఉందవ్వా. ఈ పిల్ల లేకపోతే జట్టే లేదు" అన్నాను.

"మొగులు జూసినవా సారూ?" బసమ్మ చేతులు ఆపలేదు. "ఇగ వానొడితే కాయ చెట్టు మీదనే మొలకెత్తుతది. నీ ఆట రేపైన ఆడొచ్చు. గీ కాయ రేపటిదాక ఉంటదా?"

"ఆట కూడ ఆగదు."

"అయితే మనుషులను తోల్కరా. ఐతారం పొద్దుగూకేదాక కాయంత తెంపి చేనొడిస్తే మంగళారం పిల్లను తోల్త. లేకుంటే లేదు."

వాదిద్దామనే నోరు తెరిచాను. ఇంతలో శివాని కళ్లనిండా నీళ్లు కనిపించాయి. "తోల్కొస్త" అనేశాను. బండి ఎక్కాక గానీ ఏం ఒప్పుకున్నానో నాకు తెలిసి రాలేదు.

ఆదివారం పొద్దున్నే పదకొండు మంది పిల్లలతో చేను దగ్గర దిగాను. అలవాటు పోదు కదా, వాళ్లను గట్టు మీద పొట్టీ పొడుగూ చూసి వరుసలో నిలబెట్టాను. బసమ్మ ఎగాదిగా చూసింది.

"గిదేంది సారూ, ఫొటో దిగుతున్నరా?"

అందరినీ కూర్చోబెట్టి కాసేపు కాయ తెంపించింది. ఎవరి చెయ్యి ఎంత చురుకో చూసింది. ఇక ఒక్కొక్కరినే రెక్క పట్టుకుని మార్చింది. చురుకైన వాళ్లను రెండు అంచుల సాళ్లకు పంపింది, నిదానం వాళ్లను నడుమ పెట్టింది. నేను రెండు మొక్కలు తొక్కేసరికి, "నువ్వు నీళ్లు మొయ్యి సారూ" అని గట్టెక్కించింది. పిల్లలు పడీపడీ నవ్వారు. నా పరువు అక్కడితో సరి.

బిందె మోస్తూ చూస్తున్నాను. వరుస ఎక్కడా తెగకుండా, ఎవరూ వెనకబడకుండా కదులుతోంది.

"నడుమోళ్లు ఎట్ల ఎనకవడ్తలేరవ్వా?"

"అంచులు గట్టిగుంటే నడుమోళ్లను అవే గుంజుకపోతయి. అంచు మీద మెల్లగున్నోళ్లను వెడితే సాలు ఆడనే చెదురుతది. గింత ఎర్క లేదా?"

లేదు. పదకొండేళ్ల సర్వీసు, మెడలో ఐడీ కార్డు, ఎర్క మాత్రం లేదు. బిందె దించి మళ్లీ ఆ వరుసను చూశాను. కోర్టు చివర్లలో, స్తంభాల పక్కన ఎవరు కూర్చోవాలో అప్పుడు అర్థమైంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. పొద్దు గూకకముందే చేను ఒడిసింది.

సోమవారం శివానిని ఒక చివరా, చేన్లో రెండో అంచు సాలు పట్టిన సలోమిని ఇంకో చివరా కూర్చోబెట్టాను. నిదానంగా ఉన్నా తప్పు చెయ్యని రమ్యను నడుమ పెట్టాను. ఎనిమిదో తరగతి వాళ్లు చిత్తుగా ఓడారు. తర్వాత చూస్తే ఆ సంగతి పుస్తకంలో నలభై రెండో పేజీలో ఉంది. నేను కొలతల పేజీ దాటి చదివితే కదా.

మంగళవారం మైదానం నిండా జనం. బసమ్మ కూడా వచ్చి నా పక్కనే కూర్చుంది. ఎదుట మళ్లీ కల్హేర్ జట్టే. చివరి నిమిషానికి రెండు జట్లూ సమానం. మావాళ్లు తరుముతున్నారు, ఇంకొక్కరిని పట్టుకుంటే గెలుపు. కల్హేర్ వాళ్లలో మిగిలిన పొడుగు పిల్ల ఎవరికీ అందడం లేదు. రమ్య ఆమెను నెమ్మదిగా స్తంభం వైపు తోలుకుంటూ వెళ్లి, తాను పట్టుకోవాలని ఆశపడకుండా, శివాని వెనక ఆగి వీపు తట్టింది. "ఖో."

శివాని లేచింది. ఒంటి చేత్తో స్తంభం పట్టుకుని గిర్రున తిరిగి, ఒళ్లంతా చాచి ఆ పిల్ల భుజాన్ని వేలి కొసలతో తాకింది. విజిల్ మోగింది.

నేను గెంతాను. కళ్లజోడు ఎక్కడ పడిందో తెలియదు. పిల్లలు నన్ను చుట్టేసి కుదిపేస్తుంటే, జన్మలో మొదటిసారి నోరారా అరిచాను, అదీ తిట్టడానికి కాదు.

బసమ్మ మాత్రం కూర్చున్న చోటే ఉంది.

"పుట్టినకాడి సంది సూస్తున్న సారూ" అంది మెల్లగా. "నీళ్లు మోసుడు సూసిన, వంగి కలుపు తీసుడు సూసిన. ఇది ఉరుకంగ ఎన్నడు సూడలే."

 అంతలో మైకులో జిల్లా జట్టుకు ఎంపికైన వాళ్ల పేర్లు చదివారు. మొదటి పేరే శివానిది. అక్టోబరులో పది రోజులు సంగారెడ్డిలో శిక్షణ అన్నారు.

"గప్పుడు సోయ కోతలుంటయి" అంది బసమ్మ. పరుగెత్తుకుంటూ వచ్చిన శివాని ఆ మాట విని అక్కడే ఆగిపోయింది.

బసమ్మ లేచి, కొంగుతో ఆ పిల్ల మొహం మీది చెమట తుడిచింది.

"కోతల సంగతి నేను సూస్కుంట. నువ్వు పో బిడ్డా" అంది. ఆ తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "మల్లొక్కసారి ఉరికి సూపియ్యవే" అంది.

జనం వెళ్లిపోతున్నారు. సున్నం గీతలు చెరిగిన ఆ కోర్టు చుట్టూ శివాని ఒక్కతే, తరిమేవాళ్లు లేకుండా, గెలవాల్సింది ఏమీ లేకుండా, వాళ్ల నాయనమ్మ కోసం పరుగెత్తింది.